అడుగవలసినచోట అడుగని సర్వరు



గ్రంథాలయములు, కళాశాలలు, సహకార సంఘములు, దేవాలయ కార్యవర్గములు, విదేశములందలి తెలుగు సంఘములు నేడు తమ తమ వెబ్‌సైట్లను తామే నడపుకొనుచున్నవి. వానిలో పెక్కింటియందు ఎల్లరును చూడదగిన పుటలతోపాటు కొందఱు మాత్రమే చూడవలసిన కాగితములును ఒక డైరెక్టరీలో ఉంచబడుచుండును: సభ్యుల చిరునామాలు, జమాఖర్చుల లెక్కలు, ఇంకను ప్రకటింపని పరీక్షాఫలితములు మొదలైనవి. అట్టి డైరెక్టరీకి పాస్‌వర్డు రక్షణ యేర్పఱచుకొనుట యెట్లో చెప్పు పాఠములు కొల్లలుగా నున్నవి. ఏర్పఱచుకొనిన రక్షణ చెడినపుడు కారణమును వెదకుట యెట్లన్న ప్రశ్న వచ్చునప్పటికి, మనము సాధారణముగా నొక జాతి దోషములనే, అనగా సరియైన పాస్‌వర్డిచ్చినను లోనికి పోనీయని దోషములనే తలచుకొందుము. పాస్‌వర్డే యడుగక ఎల్లరను లోనికి పోనిచ్చు దోషము రెండవ జాతిది. ఇది మొదటిదానికంటె ఘోరతరమని నా దృఢవిశ్వాసము. ఏలయన, లోనికి పోలేనివాడు ఆ క్షణముననే ఫిర్యాదు చేయును గాని, అడ్డు లేక లోనికి పోయినవాడు ఆ సంగతిని ఎవరికిని చెప్పడు. కావున నీ ప్రసంగమున ఆ మౌనదోషములనే ముందుగా చెప్పి, పిమ్మట కేకలు వేయు దోషములకు వచ్చెదను.

డైరెక్టరీకి పాస్‌వర్డు రక్షణ నిచ్చు ఈ పద్ధతి వెబ్ శైశవకాలమునాటిది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునందలి ఎన్‌.సి.ఎస్‌.ఎ. అను సూపర్‌కంప్యూటింగ్ కేంద్రమున రాబ్ మెకూల్ 1993లో వ్రాసిన సర్వరు ప్రోగ్రాము, ఏ డైరెక్టరీ నియమములు ఆ డైరెక్టరీలోనే యొక చిన్న ఫైలుగా ఉండు ఆచారమును నెలకొల్పినది. 1995లో ఆ ప్రోగ్రామును ఆధారముగా గొని యారంభమైన అపాచీ సర్వరు ఆ యాచారమును వారసత్వముగా స్వీకరించి నేటివఱకు నిలుపుకొనినది. ఆ చిన్న ఫైలు పేరు హెచ్‌టీయాక్సెస్. పేరునకు ముందొక చుక్క యుండును. యూనిక్స్ వ్యవస్థలలో చుక్కతో మొదలగు ఫైళ్లు సామాన్యముగా జాబితాలలో కనబడవు. దానికి తోడుగా, వాడుకరుల పేర్లును వారి పాస్‌వర్డుల సంకేతరూపములును గల హెచ్‌టీపాస్‌వర్డ్ అను రెండవ ఫైలు కలదు. మొదటి ఫైలులో ఉండవలసినవి నాలుగే పంక్తులు: పరీక్షావిధానము బేసిక్ అని తెలుపు పంక్తి యొకటి, ఆ ప్రదేశమునకు పెట్టిన పేరొకటి, రెండవ ఫైలు ఎచట నున్నదో తెలుపు మార్గ మొకటి, జాబితాలోనున్న వాడుకరి ఎవరైనను రావచ్చునను నియమ మొకటి. ఈ నాలుగు పంక్తులలోనే యిన్ని తప్పులకు చోటున్నది.

బ్రౌజరునకును సర్వరునకును నడుమ జరుగు సంభాషణ నొకసారి తెలిసికొనినచో మిగిలినదంతయు సుగమమగును. బ్రౌజరు మొట్టమొదట పాస్‌వర్డు లేకయే పుటను కోరును. సర్వరు 401 అను సంఖ్యతోను, బేసిక్ పద్ధతిని అనుసరింపుమను సూచనతోను జవాబు పంపును. అంతట బ్రౌజరు పేరును పాస్‌వర్డును అడుగు చిన్న గవాక్షమును తెఱచి, మనము వ్రాసినవానిని నడుమ నొక కోలన్ చిహ్నముతో జతపఱచి, బేస్64 అను లిపిలోనికి మార్చి, ఆ డైరెక్టరీలోని ప్రతి పుటను కోరునపుడును వెంట పంపుచుండును. 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రములో ఈ పద్ధతికి ఉదాహరణముగా అల్లాఉద్దీన్ అను వాడుకరి పేరును, ఓపెన్ సెసమీ అను పాస్‌వర్డును ఇచ్చిరి. గుహను తెఱపించిన ఆ మంత్రము అల్లాఉద్దీనుది కాదు, ఆలీబాబాది. అయినను 1999లోను 2015లోను వచ్చిన సవరణపత్రములు గూడ ఆ యుదాహరణమునే నిలుపుకొనినవి. బేస్64 రహస్యలిపి కాదనియు, దారిలో దానిని చూచిన వాడెవడైనను క్షణములో మూలమును రాబట్టగలడనియు ముందే చెప్పవలసియున్నది. దీని ఫలితము వెనుక తెలియగలదు.

ఇక మౌనదోషములు. వానిలో తఱచైనది, ఫైలును మనము వ్రాసి యుంచినను సర్వరు దానిని చదువకుండుట. నాలుగు పంక్తులును నిర్దోషముగా నున్నను బ్రౌజరులో గవాక్షము తెఱచుకొనక, పుట యథాప్రకారము కనబడును. ఇందుకు కారణము పెక్కుసారులు అపాచీ ముఖ్య నిర్మాణఫైలులోని అలౌఓవర్‌రైడ్ అను ఆజ్ఞ. డైరెక్టరీలలోని చిన్న ఫైళ్ల మాటను ఎంతవఱకు వినవలెనో నిర్ణయించునది ఇదియే. దానికి నన్ అని విలువ నిచ్చినచో సర్వరు మన ఫైలును తెఱచియైన చూడదు. తప్పున్నదనియు చెప్పదు, లేదనియు చెప్పదు. పూర్వము ఈ ఆజ్ఞను ఎవరును వ్రాయనిచోట సర్వరు అన్నిటిని వినుటయే సంప్రదాయముగా నుండెను. 2.3.9 సంస్కరణమునుండి ఆ సంప్రదాయము తలక్రిందై, వ్రాయనిచోట ఏమియు వినకుండుటయే నియమమయ్యెను. ప్రయోగశాఖయైన 2.3లో వచ్చిన యీ మార్పు 2012లో వెలువడిన 2.4తో జనసామాన్యమునకు చేరినది. మార్పు న్యాయమైనదే; ప్రతి కోరికకును దారిలోని ప్రతి డైరెక్టరీలో ఈ ఫైలుకొఱకు వెదకుట సర్వరునకు భారము. కాని పాత సంప్రదాయమును నమ్ముకొని, ఆ యాజ్ఞను స్పష్టముగా వ్రాసికొనని వారి రక్షణ కొత్త సంస్కరణమునకు మారిన నాడే చప్పుడు లేకుండ తొలగిపోవును.

సర్వరు ఫైలును చదువుచున్నదా లేదా యని తెలిసికొనుటకు అపాచీ గ్రంథకర్తలే చెప్పిన ఉపాయ మొకటి కలదు. దానికంటె చక్కని పరీక్షను నేనెఱుగను. ఆ ఫైలులో అర్థము లేని యొక మాటను వ్రాసి పుటను మరల కోరవలెను. సర్వరు 500 అను దోషసంఖ్యతో విరుచుకుపడినచో అది శుభవార్త, ఫైలు చదువబడుచున్నది. పుట ప్రశాంతముగా కనబడినచో ఫైలు చదువబడుటలేదు, ఇక మిగిలిన నాలుగు పంక్తులను ఎన్నిసారులు దిద్దినను వ్యర్థమే. పరీక్ష ముగిసిన వెంటనే ఆ మాటను తొలగింపవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఫైలు చదువబడకుండుటకు మఱియొక అల్పకారణము గూడ తఱచుగా కనబడుచుండును: విండోస్ కంప్యూటరులో నోట్‌ప్యాడుతో వ్రాసి దాచినపుడు పేరు చివర టీఎక్స్‌టీ అను తోక తానుగా చేరును, ఆ తోకను విండోస్ మన కంటికి చూపకుండ దాచును. ఆ పేరుగల ఫైలు సర్వరునకు మఱియొక పాఠ్యఫైలు మాత్రమే.

ఫైలు చదువబడుచున్నను తలుపు తెఱచియే యుండుటకు వీలున్నది. అపాచీ 2.4లో రిక్వైర్ అను ఆజ్ఞతో మొదలగు పంక్తులు ఒకటికి మించి యున్నప్పుడు, వేఱు నిబంధన చెప్పనిచో, వానిలో ఏ యొక్కటి నెఱవేఱినను చాలునని సర్వరు తీర్మానించును. పాత సర్వరునుండి కొత్తదానికి మారునపుడు ఎవరో యిచ్చిన సలహా ననుసరించి, ఎల్లరకును అనుమతి యని చెప్పు పంక్తి నొకదానిని చేర్చి, దాని క్రిందనే వాడుకరి పేరును కోరు పంక్తిని ఉంచినారనుకొనుడు. రెండును నెఱవేఱవలెనని వారి తలంపు. మొదటి పంక్తి సకల జనులకును నెఱవేఱునట్టిది గనుక రెండవదానితో సర్వరునకు పనియే యుండదు; గవాక్షము తెఱచుకొనదు. ఇట్లే, పైడైరెక్టరీకి పాస్‌వర్డుంచి దాని లోపలి చిన్నడైరెక్టరీలో ఎల్లరకు అనుమతి నిచ్చు ఫైలును మఱచిపోయినచో, లోపలి నియమమే పైనియమమును తోసివేయును. మొదటి పుటకు పాస్‌వర్డు అడుగబడుచున్నదని సంతృప్తి పొందుటకంటె, లోపలి ఫైలు నొకదానిని దాని పూర్తి చిరునామాతో నేరుగా కోరి చూచుట యుక్తము.

పాత పాఠములలో వాడుకరి నియమమును లిమిట్ అను రెండు గుర్తుల నడుమ, గెట్, పోస్ట్ అను రెండు కోరికలకు మాత్రమే వర్తించునట్లు వ్రాయుట యొక రివాజుగా నుండెను. దానిని చూచి ప్రతిలిపి చేసికొనిన ఫైళ్లు నేటికిని వెబ్‌సైట్లలో నిలిచియున్నవి. గెట్, పోస్ట్ అనునవి హెచ్‌టీటీపీలోని కోరికలలో రెండు మాత్రమే. ఇతరమైన కోరికతో వచ్చినవానికి ఆ నియమము వర్తింపదు. జవాబిచ్చు పుట పీహెచ్‌పీ వంటి భాషలో వ్రాయబడినదైనచో, అది ఆ వింతకోరికకును పనిచేసి లోపలి విషయమును వెలికిచ్చుట సంభవించును. ఆ రెండు గుర్తులను తొలగించి నియమమును విడిగా నుంచినచో సర్వవిధములైన కోరికలకును అది వర్తించును. ఇంత సులభమైన చికిత్సగల వ్యాధి యింతకాలము జీవించుట విచారకరము.

రోబోట్స్ ఫైలులో డైరెక్టరీ పేరు వ్రాసి అదియే రక్షణ యనుకొనువారును కలరు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఆ ఫైలు, వెదకుయంత్రములకు మర్యాదతో చేయు మనవి మాత్రమే. దానిని ఎవరైనను చదువవచ్చును. దాచదలచిన డైరెక్టరీ పేరును అదియే లోకమునకు చాటును.

ఇప్పుడు కేకలు వేయు దోషములకు వత్తము. ఇచట తొలుత చేయవలసిన పని బ్రౌజరును వదలి సర్వరు దోషపుస్తకమును, అనగా ఎర్రర్ లాగ్ అను ఫైలును తెఱచుట. పేరే జాబితాలో లేకున్నను, పేరుండి పాస్‌వర్డు తప్పైనను బ్రౌజరులో కనబడునది యొక్కటే: గవాక్షము మరల తెఱచుకొనును. అపరిచితునకు ఈ భేదము తెలియరాదు గనుక అట్లుండుట న్యాయమే. కాని సర్వరు తన పుస్తకములో వానిని వేఱువేఱుగా వ్రాసికొనును: వాడుకరి కనబడలేదని యొకచోట, పాస్‌వర్డు సరిపడలేదని మఱియొకచోట, పాస్‌వర్డు ఫైలును తెఱవలేకపోతినని వేఱొకచోట. ఈ మూడు వాక్యములకు చికిత్సలు మూడు. పుస్తకమును చూడక పాస్‌వర్డును మార్చి మార్చి ప్రయత్నించువారు మూడవ వ్యాధికి రెండవదాని మందు నిచ్చుచున్నవారు. ఉమ్మడి హోస్టింగులో నున్నవారికిని నియంత్రణపుటలో ఈ పుస్తకమును చూపు మీట సాధారణముగా నుండును.

పాస్‌వర్డు ఫైలును తెఱవలేకపోవుటకు మూలము తఱచుగా మార్గము. గవాక్షము తెఱచుకొని, పేరును పాస్‌వర్డును వ్రాసి పంపగానే 500 దోషము కనబడినదనిన, అనుమానము మొదట నిచటనే నిలుపవలెను. ఏలయన మనము ఏదో యొకటి వ్రాసి పంపునంతవఱకు ఆ ఫైలుతో సర్వరునకు పని కలుగదు. మార్గ మనగా వెబ్ చిరునామా కాదు. ఆ యంత్రపు డిస్కులో మూలమునుండి లెక్కించిన స్థానము. వెబ్‌సైటు వాడుకరికి కనబడు మూలము వేఱు, డిస్కునకు మూలము వేఱు. ఉమ్మడి హోస్టింగులో వెబ్‌సైటుయొక్క మూలడైరెక్టరీ, పెక్కుచోట్ల, హోమ్ అను డైరెక్టరీలో ఖాతా పేరుగల డైరెక్టరీలో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అను పేరుతో నుండును. పూర్తి మార్గమును వ్రాయక ఫైలు పేరు మాత్రమే వ్రాసినచో, హెచ్‌టీయాక్సెస్ ఉన్నచోటనే సర్వరు వెదకునని మనము తలంతుము. అది అట్లు చేయదు. తన సొంత మూలస్థానమునుండి వెదకును. డెబియన్, ఉబుంటు యంత్రములలో అది ఈటీసీలోని అపాచీ2 డైరెక్టరీ. మన ఫైలు అచట నుండదు గదా! పీడబ్ల్యూడీ అను ఆజ్ఞనిచ్చి మార్గమును తెలిసికొని అక్షరము మార్చక వ్రాయుట మేలు. లినక్స్ యంత్రములలో పెద్దయక్షరమునకును చిన్నయక్షరమునకును భేదము కలదు.

మార్గము సరియైనను చదువుటకు అనుమతి లేకపోవచ్చును. సర్వరు మన పేరుతో పనిచేయదు. డెబియన్ కుటుంబములో డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అను పేరుతోను, రెడ్‌హ్యాట్ కుటుంబములో అపాచీ యను పేరుతోను పనిచేయును. ఆ పేరుగలవానికి ఫైలును చదువు అధికారమే కాక, దారిలోని ప్రతి డైరెక్టరీగుండ పోవు అధికారమును ఉండవలెను. ఇక పాస్‌వర్డు పంపకమునుపే 500 దోషము వచ్చినచో అది వ్రాతదోషము: ఆజ్ఞ పేరులో అక్షరము తప్పుట, ప్రదేశపు పేరులో రెండు మాటలుండియు ఉద్ధరణచిహ్నములు లేకుండుట, ఉన్నను వర్డ్ వంటి ప్రోగ్రామునుండి వచ్చిన వంకర చిహ్నములై యుండుట. వంకర చిహ్నములను సర్వరు గుర్తింపదు.

పేరును మార్గమును సరియైయుండియు గవాక్షము మరల మరల తెఱచుకొనుచున్న దనుకొందము. నిన్నటివఱకు అందఱును లోనికి పోవుచుండగా నేడు కొత్తగా చేర్చిన వానికి తప్ప మఱి యెవరికిని ప్రవేశము లేకపోయినచో కారణ మొక్కటే యక్షరము. హెచ్‌టీపాస్‌వర్డ్ అను సాధనముతో పేర్లను చేర్చునపుడు సి అను అక్షరపు ఐచ్ఛికము కొత్త ఫైలును సృష్టించును. ఆ పేరుగల ఫైలు అంతకుమునుపే యున్నచో దానిని పూర్తిగా తుడిచి కొత్తగా వ్రాయును. మొదటి వాడుకరికి వాడవలసిన ఆ యక్షరమును రెండవవానికిని వాడినచో మొదటివాడు మాయమగును. ఏ హెచ్చరికయు లేకుండ ఇది జరుగును గనుక, ఫైలునకు ప్రతి నొకదానిని తీసియుంచుకొనక దానిని తాకరాదు.

ఆ ఫైలులో పాస్‌వర్డు నేరుగా నుండదు, దాని సంకేతరూప ముండును. రాబర్ట్ మారిస్, కెన్ థామ్సన్ అను యూనిక్స్ పండితులు 1979లో ప్రకటించిన వ్యాసములో వివరించిన పాత పద్ధతి, పాస్‌వర్డులోని మొదటి 8 అక్షరములను మాత్రమే గ్రహించును. అపాచీ సాధనము యూనిక్స్ యంత్రములలో 2.2.17 సంస్కరణమువఱకు మామూలుగా దీనినే వాడుచుండెను. ఆ కాలపు ఫైలు నేటికిని వాడుకలో నున్నచో ఎంత దీర్ఘమైన పాస్‌వర్డు పెట్టుకొనినను తొమ్మిదవ యక్షరమునుండి ఏమి వ్రాసినను ప్రవేశము దొరకును. మఱల ఇదియు మౌనదోషమే. గుర్తుపట్టుట సులభము: డాలరు చిహ్నము లేని 13 అక్షరముల వరుసయైనచో అది పాతది. డాలరు చిహ్నము తరువాత ఏపీఆర్1 అని యున్నచో దాని తరువాతి ఎండీ5 పద్ధతి. 2వై అని యున్నచో నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మాజియేర్ అనువారు 1999లో ప్రకటించిన బీక్రిప్ట్. ఇప్పుడు వాడదగినది ఈ కడపటిదే. సాధనమునకు పెద్ద బి అక్షరము నిచ్చినచో అదే పద్ధతిని వాడును.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి యిచట నున్నది. మాతృభాషలో పాస్‌వర్డు పెట్టుకొనవలెనను కోరిక సహజము, ప్రశంసనీయము. కాని యూటీఎఫ్-8 విధానములో తెలుగులోని ప్రతి సంకేతమును, అనగా హల్లొకటి, గుణింతపు గుర్తొకటి, పొల్లొకటి, మూడేసి బైట్లుగా నుండును. రామ అను రెండక్షరముల మాటకు రకారమునకు మూడు, దీర్ఘపు గుర్తునకు మూడు, మకారమునకు మూడు, వెరసి 9 బైట్లు. పాత పద్ధతి గ్రహించునవి 8 బైట్లే గనుక రామునితో మొదలైన దీర్ఘవాక్య మెంత చక్కనిదైనను మకారపు చివరి బైటు నుండి మిగిలినదంతయు లెక్కకు రాదు. బీక్రిప్ట్‌నకైనను హద్దు 72 బైట్లు, అనగా 24 తెలుగు సంకేతములు. మఱియు బేసిక్ పద్ధతిలో అక్షరములను ఏ సంకేతవిధానములో పంపవలెనో తొలినాటి పత్రములు నిష్కర్షగా చెప్పకపోవుటచే బ్రౌజర్లు తలకొక దారిన పోయినవి. యూటీఎఫ్-8ను కోరుటకు సర్వరునకు మార్గము చూపినది 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7617. ఇంతటితో ముగియలేదు. ఐత్వపు గుర్తును ఒకే సంకేతముగాను వ్రాయవచ్చును, ఎత్వమును ఐత్వపు క్రిందిభాగమును కలిపి రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే, సర్వరునకు వేఱు. కావున తెలుగు వాక్యమునే యెన్నుకొని దానిని ఆంగ్లలిపిలో వ్రాయుట యీ పద్ధతి యున్నంతకాలము క్షేమకరము.

పాస్‌వర్డు ఒప్పుకొనబడిన పిమ్మట 403 అను సంఖ్య కనబడినచో పాస్‌వర్డును నిందింపరాదు. పెక్కుసారులు డైరెక్టరీలో ఇండెక్స్ పుట లేకుండుటయు, జాబితా చూపవలదని సర్వరునకు ఆజ్ఞ యుండుటయు దానికి కారణములు. లోపలి ఫైలును పేరుతో కోరినచో వచ్చును. దీనికంటె ఆశ్చర్యకరమైనది, పాస్‌వర్డు పెట్టగానే డైరెక్టరీయే లేదని 404 చెప్పుట. వర్డ్‌ప్రెస్‌తో నడచు సైట్లలో ఇది సంభవించును. వర్డ్‌ప్రెస్ తన నియమములచేత, డిస్కులో లేని ప్రతి పుటకును తానే జవాబు చెప్పును. హోస్టింగువారు 401 దోషమునకు ప్రత్యేకపుట యొకదానిని పేర్కొని, ఆ పుట నిజముగా లేకపోయినచో, పాస్‌వర్డు అడుగబోవు సర్వరు ఆ పుటకొఱకు పోవును. లేని పుట గనుక కోరిక వర్డ్‌ప్రెస్ చేతిలో పడును. అది తనకు తెలియదని 404 పలుకును. ఎర్రర్‌డాక్యుమెంట్ 401 డిఫాల్ట్ అను నొక్క పంక్తిని చేర్చినచో గవాక్షము తిరిగి దర్శనమిచ్చును. ఆ సైట్లలోనే డబ్ల్యూపీ-అడ్మిన్ డైరెక్టరీకి పాస్‌వర్డు పెట్టినచో, ఏ సంబంధమును లేని బహిరంగపుటలలో పాస్‌వర్డు గవాక్షములు తలలెత్తుటయు కలదు. ఆ డైరెక్టరీలోని అడ్మిన్-ఎజాక్స్ అను ఫైలును బహిరంగపుటలు గూడ పిలుచుచుండుట దానికి కారణము. రక్షితడైరెక్టరీలోని బొమ్మను బహిరంగపుటలో చూపినను ఇదే జరుగును.

పాస్‌వర్డు రెండుసారులు అడుగబడుచున్నదను ఫిర్యాదును తేలికగా త్రోసివేయరాదు. అందొక ప్రమాదము దాగియున్నది. రహస్యము కాని హెచ్‌టీటీపీతో వచ్చినవారిని హెచ్‌టీటీపీఎస్‌నకు మరల్చు నియమమును పాస్‌వర్డు నియమముతోపాటు ఒకే హెచ్‌టీయాక్సెస్‌లో వ్రాసినపుడు ఇట్లు జరుగును. మరల్చు పంక్తి ముందున్నను ప్రయోజనము లేదు, ఏలయన ఫైలులోని వరుస ఎట్లున్నను, అపాచీ మొదట వాడుకరిని పరీక్షించి పిమ్మట మాత్రమే డైరెక్టరీలోని మరల్పు నియమములను చూచును. ఫలితముగా మొదటిసారి వ్రాసిన పాస్‌వర్డు బేస్64 వేషముతో బహిరంగముగా ప్రయాణించును. రెండవసారి వ్రాసినది మాత్రమే రహస్యముగా పోవును. ఒకే పాస్‌వర్డును రెండుమాఱులు వ్రాసినవాడు మొదటిమాఱే దానిని పోగొట్టుకొనినాడు. మరల్పును డైరెక్టరీ ఫైలునుండి తీసి, సర్వరు ముఖ్యనిర్మాణములో సామాన్య హెచ్‌టీటీపీకి సంబంధించిన వర్చువల్ హోస్టు భాగమున నుంచినచో, గవాక్షము ఒక్కసారియే, రహస్యమార్గముననే తెఱచుకొనును.

ఈ పరీక్షలన్నిటిలోను బ్రౌజరు సాక్ష్యమును గ్రహించునపుడు జాగరూకత కావలెను. ఒకసారి ఒప్పుకొనబడిన పాస్‌వర్డును అది మూయబడువఱకు జ్ఞాపకముంచుకొని తానే పంపుచుండును గనుక, అడుగుట మానినదని మనము భ్రమపడుదుము. ప్రైవేటు కిటికీలో గాని, కర్ల్ అను సాధనముతో గాని పరీక్షించినచో నిజము తెలియును. కర్ల్ మనము చెప్పని పాస్‌వర్డును తనంత తానుగా పంపదు.

పాస్‌వర్డు ఫైలునుంచు చోటు వెబ్‌సైటు మూలమునకు వెలుపల నుండవలెను. అపాచీతో వచ్చు నిర్మాణఫైలు చుక్క హెచ్‌టీతో మొదలగు ఫైళ్లను బయటివారికి ఈయకుండ కాపాడును. కాని పాస్‌వర్డ్స్ టీఎక్స్‌టీ యని పేరు పెట్టుకొనినవారికి ఆ కాపుదల లేదు. పాస్‌వర్డు ఫైలే పదిమందికి కనబడుట వెబ్ పుట్టుటకు చాలముందే జరిగినది: మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో నాయకత్వమున నడచిన సీటీఎస్ఎస్ అను వ్యవస్థలో, 1960 దశకమున, రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారై, ఆనాటి ప్రకటనకు బదులు అందఱి పాస్‌వర్డుల జాబితా వ్యవస్థలోనికి వచ్చిన ప్రతివానికిని కనబడెను.

అట్టి సంఘటన నేడు పునరావృతమగుటకు అనువైన దినము సైటును ఒక సర్వరునుండి మఱియొకదానికి మార్చు దినము. 2004లో ఇగోర్ సిసోయెవ్ ప్రకటించిన ఎంజిన్ఎక్స్ అను సర్వరు వేగమునకు ప్రసిద్ధమై బహుళముగా వాడుకలోనికి వచ్చినది. అది హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను చదువనే చదువదు. అపాచీనుండి సమస్తమును ప్రతిలిపి చేసికొని దానికి మారినవారి డైరెక్టరీలో నాలుగు పంక్తులును నిర్దోషముగా నిలిచియుండును, పాస్‌వర్డు మాత్రము అడుగబడదు. అంతేకాదు, వేఱుగ నిషేధింపనిచో చుక్కతో మొదలగు ఆ ఫైళ్లనే సామాన్యఫైళ్లవలె కోరినవారికి అందించును. ఆథ్ బేసిక్, ఆథ్ బేసిక్ యూజర్ ఫైల్ అను రెండాజ్ఞలను ఎంజిన్ఎక్స్ నిర్మాణఫైలులో ఆ డైరెక్టరీకి వ్రాయవలెను. చుక్క హెచ్‌టీ ఫైళ్లన్నిటిని నిషేధించు భాగమును చేర్చవలెను. పిమ్మట ఏ పాస్‌వర్డును ఈయక, బయటి యంత్రమునుండి, డైరెక్టరీని ఒకసారి, అందలి యొక ఫైలును ఒకసారి, హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలునే ఒకసారి కోరి చూడవలెను. మొదటి రెండింటికి 401 రావలెను. మూడవదానికి 403 గాని 404 గాని వచ్చినను సరియే. 200 వచ్చినచో అందలి పాస్‌వర్డులన్నిటిని ఆ దినముననే మార్చి, వాడుకరులందఱకును ఆ సంగతి తెలియజేయవలెను.